కొక్కేనికి తువ్వాలు

లాడ్జీ స్నానాల గదిలో మగ్గు నిండేదాకా ఆమె వాచీ చూస్తూ నిలబడింది. ధార ఇంకా జోరుగానే ఉంది. సంచిలోంచి ధార తగ్గించే చిన్న జల్లెడ మూత తీసి కుళాయి మూతికి బిగించింది. వేళ్లకు తుప్పు అంటింది, చీర కొంగుకే తుడుచుకుంది.

సరస్సు ఒడ్డున ఉన్న లాడ్జీల వాళ్లకు నీళ్లు, కరెంటు, చెత్త తగ్గించుకోవడం నేర్పడం ఆమె ఉద్యోగం. ఆమె గేటు దాటగానే ఈ లాడ్జీ వంటవాడు అరుస్తాడు.

"పొదుపమ్మ వచ్చింది, ఫ్యాన్లు కట్టేయండ్రోయ్!"

మొదట్లో ఆమె నవ్వేది. ఈమధ్య మాత్రం నవ్వు రావడం లేదు. ఇక్కడ దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికేది ఆమె పిన్నే. అమ్మ పోయాక ఆ ఉతుకుడు కూలితోనే పిన్ని ఆమెను చదివించింది.

స్నానాల గది గోడకు అట్టముక్క అంటించి ఉంది. 'మళ్లీ వాడుకుంటే తువ్వాలు కొక్కేనికి తగిలించండి. ఉతకాలంటే కింద వేయండి.' ఆ మాటలు పిన్నివే. మొదట ఆమె పర్యావరణం గురించి పేరా అంతా రాసి చదివి వినిపిస్తే, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న పిన్ని తలెత్తింది.

"అంత పాఠం ఎవడు చదువుతాడే? కొక్కేనికుంటే వద్దు, కిందుంటే ఉతుకు. అంతే రాయి."

ఇద్దరూ నవ్వుకున్నారు. అతిథులు ఆ మాట బాగానే విన్నారు. ఇప్పుడు పెరట్లో ఆరేసే తాళ్లు ఖాళీగా ఊగుతున్నాయి.

యజమాని మెట్ల దగ్గర ఎదురయ్యాడు.

"మీ పిన్నిని రేపట్నుంచి రావద్దన్నానమ్మా. మిగిలిన నాలుగు గుడ్డలూ మిషనే ఉతికేస్తుంది. నీ పుణ్యమా అని సరస్సులో సబ్బు నురగ కూడా పోయింది. మీ పై ఆఫీసరు వస్తే మన లాడ్జీనే చూపించు మరి."

గదులు ఊడ్చే పనైనా ఇవ్వండి అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈ లాడ్జీని చూపిస్తేనే ఆఫీసరు దగ్గర ఆమెకు మెప్పు.

"మంచిదండీ," అంది.

సాయంత్రం తామిద్దరూ ఉండే అద్దె గదికి వెళ్లేసరికి పిన్ని సంచి సర్దుతోంది. బట్టల సోడాకి పాసిపోయిన వేళ్లతో జిప్పు లాగలేక పంటితో పట్టి లాగింది.

"మీ మామయ్య దగ్గరికి పోతానే. అత్తకి మోకాళ్లు పట్టేశాయంట, వంటకి మనిషి కావాలి."

"నా వల్లే కదా పిన్నీ."

"నీ వల్లేంటి, నా నోటి వల్ల! ఆ ముక్క చెప్పింది నేనేగా. నా నోరు ఊరుకుంటేనా."

"నేను అడిగాను పిన్నీ. వేరే పనేదైనా ఇవ్వమని. కుదరదన్నాడు."

పిన్ని కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత వంగి చెప్పులు వెతుక్కుంది.

"అడిగావుగా. చాల్లే."

బస్సులో పిన్నికి కిటికీ పక్కనే సీటు దొరికింది. వేళకి తిను అన్నట్టు చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. బస్సు మలుపు తిరిగింది.

గదికి తిరిగొచ్చి ఆమె లైటు వేయకుండానే మంచం మీద కూర్చుంది. తలుపు దానంతటదే మూసుకుంది. దాని వెనక కొక్కేనికి పిన్ని తువ్వాలు వేలాడుతోంది, ఒక అంచు ఇంకా తడిగా.