పరగడుపు

ఆపరేషన్ గౌను తొడిగి, తడిబట్టతో పెదాలు తుడవబోయిన దాలమ్మకు కూతురి పళ్ల సందున నానిన బిస్కెట్టు ముక్క కనిపించింది.

గోడ గడియారం ఏడుంపావు చూపిస్తోంది. ఎనిమిదింటికి శ్రావణిని లోపలికి తీసుకెళ్లాలి. రాత్రి పదింటి నుంచి పచ్చి మంచినీళ్లయినా పోయకూడదని నర్సు స్వర్ణ ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. మంచానికి 'ఏమీ పెట్టవద్దు' అని రాసిన అట్ట కూడా కట్టింది.

దాలమ్మ ఆ ముక్కను వేలితో తీసి చెంగులో దాచేసింది. ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే సరి, గంటలో ఆపరేషన్ మొదలైపోతుంది. కానీ స్వర్ణ చెప్పిన ఇంకో మాట చెవిలో గింగురుమంది. తిన్న పిల్లకు మత్తిస్తే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ప్రాణం మీదికి వస్తుందట.

"సిస్టరమ్మా!" అని ఆమె వేసిన కేక వార్డంతా వినిపించింది.

విజయనగరంలోని ఆ మిషనాసుపత్రికి విదేశీ డాక్టర్లు పది రోజుల కిందట వచ్చారు. యంత్రాలూ మందులూ వాళ్లే తెచ్చుకున్నారు. పైసా తీసుకోకుండా పిల్లల గుండెలు బాగుచేస్తున్నారు. ఈ రోజుది ఆఖరి ఆపరేషన్. మిగిలింది ఒక్క బెడ్డే.

పొడుగాటి డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని పిల్ల నోట్లోకి లైటు వేసి చూశాడు. మెల్లగా ఏదో అన్నాడు. స్వర్ణ కళ్లు దించుకుంది.

"కుదరదంటన్నారమ్మా. కడుపు ఖాళీ అయ్యేసరికి మజ్జాన్నం అయిపోతాది. అప్పుడు మొదలెడితే తరవాత పిల్లని కనిపెట్టుకోడానికి మనుసులుండరు. రేపే ఈల్ల పయనం."

"మల్లెప్పుడొస్తారు?"

"వచ్చే ఏడు."

వానాకాలం దాటదని శ్రీకాకుళం డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. ఆరేళ్ల పిల్ల నాలుగడుగులు వేస్తే గోళ్లు నీలంగా మారతాయి. గట్టిగా ఏడిస్తే స్పృహ తప్పుతుంది.

దాలమ్మ కూతురి రెక్క పట్టుకుంది. "ఎవులే పెట్టింది?"

"సెప్పను. ఒట్టేసేను. సెప్తే కల్లు పోతాయి."

ఒట్టు పెట్టించుకున్నారంటే కావాలని చేసిన పనే. ఎవరికి లాభం? దాలమ్మ చూపు పక్క మంచం మీద పడింది. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడు ప్రకాష్ కూతురు దీవెన అక్కడ పడుకుని ఉంది. ఎవరికైనా జ్వరమొస్తే బదులుగా తీసుకెళ్లే పిల్ల. ఆమె కూడా పరగడుపునే ఉంది.

దాలమ్మ లంఘించి అతని చొక్కా పట్టుకుంది. "నీ కూతురు బతకాలని నా గుంట నోట్లో మన్ను కొట్టేవురా!"

"ఒగ్గమ్మా, నానెందుకు పెడతాను?"

"రేతిరంతా పార్దన సేసేవు కదా! ఏటని సేసేవు? నా గుంట అడ్డు తొలగాలనా?"

ప్రకాష్ చెయ్యి విదిలించుకోలేదు. "నీ బిడ్డ మీద సెయ్యెయ్యలేదు. అబద్దమెందుకు, ఈ కబురినగానే నా గుండెలో సంతోసమొచ్చీసింది. ఆ పాపం నాదే. కావాలంటే కొట్టు."

కొట్టింది. రెండు దెబ్బలు. అంతలో స్వర్ణ స్ట్రెచర్ తెచ్చింది. శ్రావణి కోసం తెచ్చిన దాని మీద దీవెనను పడుకోబెట్టింది. ప్రకాష్ ఏడుస్తూ దాని వెంట పరుగెత్తాడు.

దాలమ్మ కూలబడి నేలను అరచేతులతో బాదింది. "ఎవుడు పెట్టేడో ఆడి సెయ్యి పడిపోను! ఆడి వంశం..."

"ఆపే, శపించకే!" కిటికీ దగ్గర నిలబడ్డ ఆమె మొగుడు చినబాబు ముందుకొచ్చాడు.

"మావా?"

"నానే పెట్టేను. సీకటితోనే నువ్వు తానానికెల్లినప్పుడు. మొన్న ఆపరేసన్ సేసిన ఆ బొబ్బిలి గుంటడు నిన్న పోనాడే. ఐసీయూలో ఉన్నాడని నీకు అబద్దమాడేను. ఆడి తండ్రీ నానూ కలిసి పీనుగుని ఆటోలోకి ఎక్కించేం. ఆ తండ్రి ఏడవలేదు. ఒకటే మాట. 'లోపలికెల్లే ముందు ఆకలన్నాడు బావా, కసిరేను. ఆకలితోటే పోనాడు.' గేటు దాటేదాకా అదే మాట. ఇయ్యాల మన బుజ్జి లెగిసి, నాన్నా ఆకలేస్తంది అన్నాది. నాను కసరలేకపోయేను. ఒకటిచ్చేను. ఇంకోటడిగితే అదీ ఇచ్చేను. ఆపరేసన్ ఆపాలని కాదే దాలమ్మా. ఒకేళ తిరిగి రాకపోతే కడుపు నిండా ఎల్తాదని. రెండు బిస్కెట్లే కదా, ఏటవుతాది అనుకున్నాను."