శ్రుతికి పట్టే సేపు

పొద్దుటి పలారానికి, ఉగ్గాని చేద్దామని బొరుగులు నానబెట్టి పిండుతుంటే నడింట్లోంచి కిర్రుమని చప్పుడైంది. సాహితి చేతులు ఆగిపోయాయి. అది వీణ తీగలు బిగించే బిరడా తిరిగిన చప్పుడు. ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకెవరూ ముట్టని బిరడా.

తడిచేతులతోనే వచ్చి చూసింది. భర్త భూపేష్ చాప మీద కూర్చుని, వీణను ఒళ్ళోకి లాక్కుని బిరడా తిప్పుతున్నాడు. వీణకు అగ్గిపెట్టెంత యంత్రం క్లిప్పుతో పట్టించి ఉంది. తీగ మీటితే దాని తెర మీద ముల్లు ఊగుతుంది. శ్రుతి సరిపోతే పచ్చలైటు వెలుగుతుంది.

"నేను చేసుకుంటా, ఇట్లీండి."

"అయిపాయె. అన్నీ పచ్చగా వచ్చినాయి సూడు. నువ్వైతే అరగంట చేద్దువు. ఎండెక్కకముందే ఓర్వకల్లు చేరాల, తొందరగా కానీ."

ఓర్వకల్లు దగ్గర అతను పెట్టిన గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కు ఆ రోజే ప్రారంభం. పూజ తర్వాత భార్య వీణ కచ్చేరి ఉంటుందని కార్డులో వేయించాడు. ఆ సంగతి అచ్చయి వచ్చిన కార్డు చూసి తెలుసుకుంది సాహితి. "మా ఇంటామె వీణ వాయిస్తాది" అని నలుగురిలో చెప్పుకోవడం అతనికి ఇష్టం. వాయించే ముందు శ్రుతికి పట్టే సేపు మాత్రం గిట్టదు.

కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్త కృష్ణవేణమ్మ అడిగింది, "అది పాట కాదంటివి, మరి ఆ టింగుటింగు ఎందుకు కొడ్తాండావమ్మా?" అని. సాహితి నవ్వేసి తీగ సరిచేసుకుంది. ఏమని చెబుతుంది? లేచినప్పటి నుంచీ తన చెవులు ఇంటి చాకిరీలోనే ఉంటాయి. కుక్కరు ఎన్ని కూతలు వేసింది, ట్యాంకు నిండిందా, మామ దగ్గులో తేడా వచ్చిందా, గేటు దగ్గర కారు హారను ఏ కోపంతో మోగింది, అన్నీ అవే కనిపెట్టాలి. తీగ మీటి, తల వంచి, పంచమం తీగ షడ్జం తీగలో కలిసిపోయేదాకా వింటూ కూర్చునే ఆ కాసేపే అవి ఆమె చెవులు. పోయిన నెల ఈ యంత్రం తెచ్చి, "నీకు దినామూ అరగంట మిగిలిచ్చినా" అన్నాడు భూపేష్. మిగిలిన అరగంట ఆ సాయంత్రమే అత్త మోకాళ్ళకు నూనె రాయడానికి పోయింది. "మిషనుండాది కదమ్మా, ఖాళీనే కదా" అందావిడ. అన్నిటికీ అన్నట్టే దానికీ ఊఁ అంది సాహితి.

ఓర్వకల్లులో రాతిగుట్టల వేడి షామియానా కిందికి కొడుతోంది. కారు ఏసీలోంచి ఆ వేడిలోకి దిగేసరికి తీగలు జారిపోయాయి. మృదంగం నరసన్న వేదిక మీద కాచుకుని ఉన్నాడు. సాహితి బిరడా మీద చెయ్యి వెయ్యబోతుంటే భూపేష్ వచ్చి మళ్ళీ యంత్రం పట్టించి, తానే తిప్పి, మైకు అందుకున్నాడు.

"ఆడోళ్ళు తయారయ్యేదానికి శానా టైము పడ్తాదంటారు. మా ఇంట్లో వీణ కూడా అంతే. అందుకే మిషను తెచ్చినా."

ముందు వరుసలో పెద్దమనుషులు నవ్వారు. కృష్ణవేణమ్మ కూడా నవ్వింది.

సాహితి తీగలు మీటింది. యంత్రం అబద్ధం చెప్పలేదు, దాని లెక్కకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పంచమంలో మాత్రం వెంట్రుకంత సన్నగా ఏదో అల ఊగుతోంది. ఆ షామియానా కింద అది ఎవరికీ వినబడదు. ఆమెకు వినబడింది. వినబడనట్టు ఉండటం తనకు ఎంత అలవాటైపోయిందో కూడా అప్పుడే తెలిసింది.

"పచ్చలైటు వచ్చె కదా, మొదలుపెట్టు" అన్నాడు భూపేష్ చెవి దగ్గర.

అలవాటుగా ఊఁ అనబోయి ఆగి, ఆమె యంత్రాన్ని ఊడదీసి అతని చేతిలో పెట్టింది. బిరడాలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. తీగలన్నీ వదులై వేలాడాయి. నరసన్న మృదంగం మీంచి చేతులు తీసేశాడు.

భూపేష్ ముఖం మీద నవ్వు అలాగే ఉంది. గొంతు మారింది. "ఏం చేస్తాండావు? నా పరువు తీయాలనా?"

"శ్రుతి చేసుకుంటాండా."

"ఇంకెంతసేపు?"

"పట్టినంతసేపు."

ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, మొదటి తీగ మీటినా ఏమీ వినబడలేదు. ఆగింది. ఊపిరి తీసుకుని మళ్ళీ మీటింది. "అందరూ సూస్తాండారు, కానీ తల్లీ" అంది అత్త. ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. కొంతసేపటికి భూపేష్ అందరినీ భోజనాలకు లేవదీసుకుపోయాడు. వెళుతూ వెళుతూ ఆమె వంక చూసిన చూపును బట్టి ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో ఆమెకు తెలిసిపోయింది. అయినా కళ్ళు మూసుకుని చెవి తీగ మీదే ఉంచింది. జారినదాన్ని బిగించింది, బిగిసినదాన్ని సడలించింది. పంచమంలో అల నెమ్మదించింది, సన్నబడింది, ఆగిపోయింది. రెండు తీగలూ ఒక్కటై మోగాయి.

కళ్ళు తెరిచేసరికి కుర్చీలన్నీ ఖాళీ. నరసన్న మృదంగం సర్దుకుని, "శానా బాగా కలిసిందమ్మా. పిల్చుకోని రానా అందర్నీ? వాయిస్తావా?" అన్నాడు.

వాయిస్తావా అని తనను అడిగిన మొదటి మనిషి అతనే.

"వాయించను నరసన్నా" అంది సాహితి.