ఐదు చుట్ల రీలు

చేపల రీలులో లైను చుట్టుకునే స్పూలు అంచుకి ఎర్ర నూలుపోగు ముడేసి, హ్యాండిల్‌ని ఒక్కసారి పూర్తిగా తిప్పి, ఆ పోగు ఎన్నిసార్లు పైకొచ్చిందో పేరయ్య లెక్కపెట్టాడు. ఐదుసార్లు వచ్చింది. రీలు పక్కన కూడా ఐదనే అచ్చేసి ఉంది. అయినా మళ్లీ తిప్పి చూశాడు. అచ్చేసిన అంకె తయారుచేసినవాడిది; లెక్కపెట్టిన అంకె వాడుకునేవాడిది.

పిడుగురాళ్లలో అయూబ్ గాలాల దుకాణంలో అతనికది రోజూ పొద్దుటి పని. యాభై ఆరేళ్ల మనిషి. ఎడమ మోచెయ్యి కొడవలిలా వంగి ఉంటుంది, చాచితే చాచుకోదు. తిరిగే స్పూలుని అదిమి అదిమి కుడి బొటనవేలు కొమ్ములా గట్టిపడింది. రీలు కోసం ఎవరొచ్చినా రెండే ప్రశ్నలు: ఎక్కడ పడతారు, ఏం పడతారు? కాలవ గట్టున జమ్ములో కొర్రమీనంటే ఎనిమిది చుట్లది ఇస్తాడు. అది ఎర కప్పని అందుకుని రెప్పపాటులో గడ్డిలో దూరుతుంది కాబట్టి లైను అంతకంటే ముందే చుట్టుకోవాలి. లోతునీళ్లలో వాలుగంటే ఐదుదే. వేగం కొంటే బలం వదులుకోవాలి. రెండూ ఒకే గేరులో దొరుకుతాయని చెప్పేవాడు వ్యాపారి కాదు, దొంగ. ఇచ్చేముందు, చేప గట్టిగా లాగితే లైను జారేలా బ్రేకు వదులు చేసి, ప్రతివాడికీ ఒకే మాట చెబుతాడు: "లైను మాత్రం చేతికి చుట్టుకోబాకండి."

ఈ లెక్క అతనికి చేపలు నేర్పింది కాదు. పదకొండేళ్ల క్రితం అతను సున్నపురాయి గుంటలోంచి రాళ్లతొట్టి పైకి లాగే వించి నడిపేవాడు. లోడ్లు చాలటం లేదని మేస్త్రి శివనాగరాజు దానికి వేగం గేరు వేయించాడు. మూడు రోజులు తొట్టి పరుగున పైకొచ్చింది. నాలుగో రోజు, నిండు బరువు మీద, గేరు పళ్లు ఊడిపోయాయి. ఎదురు తిరిగిన హ్యాండిల్ పేరయ్య మోచేతిని విరిచింది. తొట్టి కిందికి పోయి తమ్ముడు పానకాలు మీద పడింది. రాళ్లు తీశాక మొలతాడు చూసి గుర్తుపట్టాల్సొచ్చింది. పేరయ్యే బ్రేకు వదిలేశాడని శివనాగరాజు పోలీసులకు చెప్పాడు. ఊరు ఆ మాటే నమ్మింది. గుంట మూతపడి నీళ్లతో నిండింది.

పదిన్నరకి ఆ శివనాగరాజే దుకాణంలోకి వచ్చాడు. ఇప్పుడు అతనికి నాలుగు లారీలున్నాయి.

"ఏరా పేరయ్యా, మన గుంటలో వాలుగ ఉందిరా. నిన్న బాతుని గుటుక్కున మింగింది, నా కళ్లతో చూశా. బాగా స్పీడుగా చుట్టే రీలు తియ్యి."

"స్పీడుది దాన్ని లాగలేదండి. బరువు తగిలితే హ్యాండిలే తిరగదు. ఐదుది తీసుకోండి."

"నాకు గేర్లు నేర్పుతున్నావా? నీ గేర్ల సంగతి ఊరంతా తెలుసుగా. తమ్ముణ్ణి తిన్న చెయ్యి."

పేరయ్య ఎనిమిది చుట్ల రీలు పెట్టె మీద చెయ్యి తియ్యలేదు. శివనాగరాజు అరచెయ్యి తిప్పి కొట్టాడు. పేరయ్య తల వెళ్లి బీరువాకి తగిలింది. సీసపు గుళ్లు గలగలమని నేల మీద దొర్లాయి. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది.

"ఇచ్చెయ్ పేరయ్యా," అన్నాడు అయూబ్, తల ఎత్తకుండా.

ఇచ్చేశాడు. బ్రేకు బిగువు మీదే ఉంది. వదులు చెయ్యలేదు. చెప్పాల్సిన మాట చెప్పలేదు.

నేల మీది గుళ్లన్నీ ఏరి డబ్బాలో పోశాడు. మళ్లీ ఐదు చుట్ల రీలు ముందుకు లాక్కుని హ్యాండిల్ తిప్పాడు. సగం తిప్పేసరికి చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లలో మాట చెప్పకుండా చేతిలో పెట్టిన రీలు అదొక్కటే. ఫోన్ చేశాడు. శివనాగరాజు ఎత్తలేదు.

"గుంట దాకా వెళ్లొస్తా అయూబూ."

"ఎందుకయ్యా, రెండో చెంప ఖాళీగా ఉందా?"

"ఒక మాట చెప్పలా."

"పొద్దున అతను చెప్పింది చాల్లేదూ?"

పేరయ్య గాలాల కత్తి జేబులో వేసుకుని సైకిలెక్కాడు.

ఎండకి గుంట గోడలు తెల్లగా మండుతున్నాయి. కింది మెట్టు మీద శివనాగరాజు ఒక్కడే ఉన్నాడు. చేప అప్పటికే తగిలింది. హ్యాండిల్ తిరగకపోయేసరికి రాడ్డు కాళ్ల మధ్య ఇరికించి, లైను పిడికిలికి మూడు చుట్లు చుట్టి చేత్తోనే లాగుతున్నాడు. వాలుగ ఒక్కసారిగా లోతుకి దిగింది. లైను మాంసం కోసుకుంటూ ఎముక దాకా పోయింది. అతను బోర్లా పడ్డాడు. ముందుపళ్లు రాయికి తగిలి విరిగాయి. పాకుడు పట్టిన రాయి మీంచి నీళ్లలోకి జారుతూ పైకి చూశాడు.

"కొయ్యరా! పేరయ్యా, కొయ్యి!"

పేరయ్య మెట్టు పైన నిలబడ్డాడు. తమ్ముడు పోయింది ఈ గుంటలోనే. ఏమీ చెయ్యక్కర్లేదు, నిలబడితే చాలు. ఒక ప్రాణానికి ఒక ప్రాణం, తూకం సరిపోతుంది. ఎవరూ చూడటం లేదు. కానీ ఆ తూకంలో తను వేసిన రాయి ఒకటుంది. ఆ రీలు ఇచ్చింది తను. మాట మింగింది తను. గేరు మార్చినవాడికీ, తెలిసి ఇచ్చినవాడికీ తేడా ఎంత?

దిగి, ఒక్క కోతకి లైను తెంపాడు. అప్పటికే శివనాగరాజు నడుం దాకా నీళ్లలో ఉన్నాడు. కాలికింద పట్టు లేదు. భయంతో పేరయ్య వంకర చేతిని పట్టుకుని, దాన్నే నిచ్చెన చేసుకుని ఎక్కబోయాడు. మోచెయ్యి పటుక్కుమంది. ఆ బరువుకి పేరయ్య కూడా నీళ్లలోకి జారాడు.

"ఆగండి. కాలు రాయి మీద పెట్టండి, నాగరాజు గారూ. రాయి మీద—"

అతను కాలు పేరయ్య మొహం మీద పెట్టాడు. తర్వాత గుండె మీద. మడమతో బలంగా తన్ని మెట్టు మీదికి ఎగబాకాడు. పేరయ్య వెనక్కి లోతులోకి పోయాడు. కుడిచెయ్యి రెండుసార్లు పైకి లేచింది. ఎడమచెయ్యి చాచుకోలేదు.

శివనాగరాజు నెత్తురు కక్కుకుంటూ చాలాసేపు రాయి మీద పడి ఉన్నాడు. తల తిప్పి చూసేసరికి సున్నపునీళ్లు కదలకుండా ఉన్నాయి.

సాయంత్రం అయూబ్ పేరయ్యని ఒడ్డుకి చేర్చి, గుంట దగ్గర్నుంచి తడి బట్టలతో వచ్చి దుకాణం షట్టరు సగం దించాడు. లోపల బల్ల మీద ఐదు చుట్ల రీలు అలాగే ఉంది. హ్యాండిల్ సగం తిప్పి ఉంది, ఎర్ర పోగు మూడో చుట్టు సగంలో ఆగి ఉంది.