అత్తకిచ్చిన నెత్తురు

బావమరిది వచ్చేసరికి నేను షెడ్డులో లారీ కింద పడుకుని పని చేస్తున్నాను. వాడి చెప్పులు గుర్తుపట్టాను. బయటికి రాలేదు.

"బావా, అమ్మకి కడుపులో పుండు పగిలింది. నెత్తురు కక్కుతోంది. ఆపరేషన్ చెయ్యాలట. నీ గ్రూపు రక్తమే కావాలి, ఎక్కడా దొరకడం లేదు."

"మీ అక్కదీ ఇదే గ్రూపు. ఉంటే ఇచ్చేది."

వాడు కదల్లేదు.

నా భార్యకి ముందు రెండు కాన్పులూ ఆపరేషన్లే. కిందటేడు మూడోసారి స్కానింగులో, మాయ పాత కుట్టు మీద పడి గర్భసంచిలోకి వేళ్లు దింపిందని తేలింది. పెద్ద డాక్టరమ్మ మా అత్తని కూడా కూర్చోబెట్టి చెప్పింది.

"బిడ్డను తీస్తాం. మాయ జోలికి పోం. సంచితో కలిపే తీసేస్తాం. లాగితే నెత్తురు కుళాయి తిప్పినట్టే."

"తీసెయ్యండమ్మా," అంది నా భార్య. "ముగ్గురు పిల్లలు చాలు. ఈయనతో కలిపి నలుగురు."

నొప్పులు ముందే వచ్చాయి. పెద్ద డాక్టరమ్మ ఇంకా దారిలోనే ఉంది. చిన్న డాక్టరు కత్తి పట్టాడు. నేను రక్తం ఇవ్వడానికి కింది అంతస్తుకి వెళ్లాను. ఆ సందు చాలింది అత్తకి. బిడ్డను బయటికి తెచ్చిన నర్సుని పట్టుకుంది.

"మళ్లీ ఆడపిల్లేనా? అయితే సంచి తియ్యొద్దని చెప్పు. అల్లుడు కూడా వద్దన్నాడు."

నేను అనలేదు. ఈ సంగతి తర్వాత నర్సే నాకు చెప్పింది. ఆ మాట లోపలికి మోసింది కూడా ఆమే. చిన్న డాక్టరు మెత్తటి మనిషి. మాయ ఊడుతుందేమోనని లాగాడు. సగం ఊడింది, సగం అంటుకునే ఉంది.

నేనిచ్చిన నెత్తురు నా భార్య చేతిలోకి ఎక్కుతుంటే కిందనుంచి పోయింది. ఆఖరికి సంచి తియ్యనే తీశారు. సంచీ పోయింది, మనిషీ పోయింది.

"దాని రాత," అంది అత్త.

బావమరిది లారీ పక్కన గొంతుకూర్చున్నాడు. "చిన్నదాని మొహం చూసైనా రా బావా."

"దాని మొహం చూసే వస్తున్నా."

చేతులకున్న గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని వెళ్లాను. పడుకోబెట్టి నెత్తురు తీశారు. అత్త బతికింది.

కళ్లు తెరిచి నన్ను చూసి చెయ్యి చాపింది. "దేవుడివి నాయనా."

నేను చెయ్యి ఇవ్వలేదు.

"నువ్వు అప్పుడే పోతే ఎలా అత్తా? చిన్నదానికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. అమ్మ ఏదని అడిగిన రోజు నీ దగ్గరికే తీసుకొస్తా. రాత అని చెప్పి తప్పించుకుంటే కుదరదు. నర్సుతో ఏం చెప్పావో అదే చెప్పాలి."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

నేనిచ్చింది ఇంకా ఎక్కుతోంది. స్టూలు దగ్గరికి లాక్కుని, చివరి చుక్క దిగేదాకా కూర్చున్నాను.