ముడి లేని మేజోడు

ధర్మవరంలో పట్టు నేసే ఇళ్ళల్లో మేజోళ్ళతో ఎవరికీ పని పడదు. ఎండకు నేల కాలిపోయే ఊళ్ళో కాలికి ఉన్ని తొడుక్కుంటానన్న మనిషిని చూస్తే పిల్లకాయలు వెంటబడి నవ్వుతారు. అలాంటి ఊరి నుంచి చౌడేశ్వరి ఒక మేజోడు కోసం పెనుకొండ రైలెక్కిందంటే సరదా పుట్టి ఎక్కలేదు. మొగుడి కాలు నిలబెట్టుకోవడానికి ఎక్కింది.

మొగుడు జయరాముడు ఆమెకు సొంత మేనమామే. మగ్గం గుంతలో నడుము వంచుకుని బతకడం నా వల్ల కాదని కుర్రతనంలో మిలిటరీకి పోయినవాడు. అరవై రెండులో చైనావాళ్ళతో యుద్ధం వచ్చినప్పుడు మంచుకొండల మీద ఉన్నాడు. అక్కడి చలికి ఎడమకాలి వేళ్ళు మూడు, చిటికెన వేలి వైపువి, నల్లబడి పోయాయి. మిలిటరీ ఆసుపత్రిలో వాటిని తీసేసి ఇంటికి పంపించారు. మిగిలిన పాదంలో ముందు సగానికి స్పర్శ లేదు. నిప్పు మీద పెట్టినా తెలియదు. ఈ కాలికి మళ్ళీ పుండు పడిందంటే చీలమండ దాకా తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు.

వద్దనుకుని పోయిన మగ్గమే ఇప్పుడు దిక్కయింది. కానీ గుంతలో కూర్చుని నేసేవాడు పొద్దస్తమానం కాళ్ళతో చెక్కలు తొక్కుతూనే ఉండాలి. ఆ చెక్క రాపిడికి ఈ పాదం ఆగదు. గుడ్డపేలికలు చుడితే నాలుగు తొక్కులకే జారిపోయాయి. జయరాముడు మగ్గం వైపు వీపు పెట్టి నులకమంచం మీద కూచోవడం మొదలుపెట్టాడు. మాట తగ్గిపోయింది. వాళ్ళమ్మ, అంటే చౌడేశ్వరికి అవ్వా అత్తా రెండూ అయిన వెంకటలక్ష్మమ్మ, కొడుకుని చూసి ఏడవడం, కోడలిని చూసి కసురుకోవడం పనిగా పెట్టుకుంది.

గాజులమ్మే జైతున్‌బీ ఆ సంగతంతా విని ఒకరోజు గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "పెనుకొండలో అన్నమ్మని ఒకామె ఉండాది. ఆస్పత్రిలో పనిచేసి మానుకునింది. తిమ్మిరి కాళ్ళోళ్ళకు కొలతపెట్టి మేజోళ్ళు అల్లుతాదంట. పోయి అడుగు, పోయేదేముండాది?"

అన్నమ్మ కొండ కింద చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేది. చేతిలో సైకిలు చక్రం పుల్లలను రెండు కొసలా అరగదీసి చేసుకున్న సూదులు. ఆ సూదులకున్న పదునే ఆమె నోటికీ ఉంది. చౌడేశ్వరి కష్టమంతా చెప్పుకుని అల్లిపెట్టమని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"నేను అల్లిస్తే ఒకటి అల్లిస్తా. అది నెలకు చిరుగుతాది. అప్పుడేం చేస్తావు? నేను చచ్చినాక ఏం చేస్తావు? కూచో, నేర్చుకో."

చౌడేశ్వరి కూచుంది. పట్టుపోగులతో పుట్టి పెరిగిన చేతులు గనక సూదులు తొందరగానే లొంగాయి. పిక్క నుంచి గొట్టంలాగా దిగడం ఏమంత కష్టం కాలేదు. కానీ మడమ దగ్గరికొచ్చేసరికి ఆమె నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. నేరుగా దిగుతున్న అల్లిక అక్కడ మలుపు తిరగాలి. అన్నమ్మ ముందువైపు కుట్లను సూదుల మీద అలాగే వదిలేసి, వెనకవైపు కుట్లతో పలకలాంటి ముక్క అల్లింది. ఒక కుట్టు అల్లడం, ఒకటి అల్లకుండా పక్క సూదికి జార్చడం. దాంతో ఆ పలక రెండింతల మందమైంది. తర్వాత సూది పలక నడుమ దాటి కొంచెం పోయి, చివరిదాకా పోకుండా వెనక్కి తిరిగింది. అటు తిరిగినప్పుడల్లా, ఇటు తిరిగినప్పుడల్లా, ఆగిన చోట రెండు కుట్లను ఒకటిగా కలిపి ఇంకో కుట్టు ముందుకు జరిగింది. చూస్తుండగానే చదునైన పలక గిన్నెలాగా గుంటపడింది. అందులో మడమ కూచుంటుంది. కత్తెర లేదు, కుట్టుపని లేదు. చౌడేశ్వరికి ఒళ్ళు పులకరించింది. పట్టుచీర కొంగు మీద నెమళ్ళను దింపే ఇంట్లో పుట్టిన పిల్ల, ఒక తెల్లటి మడమను చూసి ఇంత సంబరపడతానని అనుకోలేదు.

వేళ్ళ దగ్గరికొచ్చాక, చౌడేశ్వరి ఇంటి నుంచి గుడ్డ మీద బొగ్గుతో గీసుకొచ్చిన మొగుడి పాదం గుర్తును అన్నమ్మ పరిచి చూసింది. "మామూలు కాలికైతే రెండు పక్కలా తగ్గించుకుంటా పోవాల. మీ ఆయనకు వేళ్ళు లేని పక్కే తగ్గించు. ఖాళీ గుడ్డ మిగిలితే మడతపడి ఒత్తుకుంటాది."

ఆఖరుకు పైన కొన్ని కుట్లు, కింద కొన్ని కుట్లు ఎదురెదురుగా మిగిలాయి. అన్నమ్మ వాటిని కుట్టెయ్యలేదు. గుడ్డసూదికి ఉన్ని ఎక్కించి, పై కుట్టులోంచి కింది కుట్టులోకి, మళ్ళీ పైకి, అల్లికే ఇంకో వరస నడిచినట్టు దారం నడిపించింది. అతుకు ఎక్కడుందో కనిపించలేదు. మగ్గం మీద పాత పడుగు కొసకు కొత్త పడుగును పోగుకు పోగు అతికే పని చౌడేశ్వరికి తెలుసు. ఇదీ అదే పని. ఆ పూట అన్నమ్మ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది గానీ, ఆమె ఏం తిడుతుందోనని ఊరుకుంది.

ధర్మవరం తిరిగొచ్చాక ఉన్ని కోసం జయరాముడి మిలిటరీ స్వెట్టరు విప్పింది. పాత స్వెట్టరు గనక ఉన్ని అక్కడక్కడా తెగి ముక్కలుగా వచ్చింది. పెనుకొండలో అన్నమ్మ ఇచ్చిన ఉండ తెగలేదు, కాబట్టి తెగితే ఏం చేయాలన్న మాటే రాలేదు. చౌడేశ్వరికి అడగాలనీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? పోగు తెగితే ముడి వెయ్యడంలో ఆ వీధి మొత్తానికి ఆమెను మించినవాళ్ళు లేరు. చీర బేరగాడు గోటితో తడిమినా దొరకనంత సన్నటి ముడి ఆమెది. అదే ముడి వేసుకుంటూ మేజోడు ముగించింది.

జయరాముడు తొడుక్కుని గుంతలోకి దిగాడు. పాదం జారలేదు. పొద్దంతా నేశాడు. మధ్యాహ్నం ఈల కూడా వేశాడు. వెంకటలక్ష్మమ్మ వీధిలో కనపడినవాళ్ళనల్లా లోపలికి పిలిచి, మనవరాలి పనితనం చూడమని చూపించింది. ఉదయం దాకా కసురుకున్నది ఆమేనా అని చౌడేశ్వరి లోలోపల నవ్వుకుంది.

సాయంత్రం మేజోడు విప్పితే వేళ్ళ దగ్గర ఉన్ని తడిగా ఉంది. చెయ్యి తీసి చూసుకుంటే నెత్తురు.

జయరాముడు తన పాదాన్ని వేరే ఎవరిదో చూసినట్టు చూశాడు. "నాకేం తెలీలేదే," అన్నాడు. వెంకటలక్ష్మమ్మ మేజోడు లాక్కుని వాకిట్లోకి విసిరేసింది. పుండు మానేదాకా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మానింది. కానీ అప్పటికి జయరాముడు మళ్ళీ మగ్గానికి వీపు తిప్పేశాడు.

"ఇంక అల్లొద్దులే చౌడీ. ఉన్న కాలు ఉండనీ."

మర్నాడే చౌడేశ్వరి, వాకిట్లోంచి ఏరి దాచిన మేజోడు ఉతికి పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా రైలెక్కింది.

అన్నమ్మ మేజోడు లోపలివైపు బయటికి తిప్పి, కళ్ళు మూసుకుని చెంపకు ఆనించి మెల్లగా రాసింది. వేళ్ళ దగ్గర ఒకచోట ఆగింది.

"ఇదేంది?"

"ముడి అక్కా. మా ముడి. దాన్ని ఎవరూ పట్టలేరే!"

"పట్టలేరు, చీరలో. చీర మీద ఎవరూ నిలబడరు కదమ్మే! దీని మీద మనిషి బరువు పడతాది. నీకైనా నాకైనా అయితే గుచ్చుకుంటే కాలు తీసేస్తాం. ఆయనకు తెలీదే!" అని కసిరి, మేజోడు ఒళ్ళో పెట్టుకుంది. "చెప్పకపోవడం నా తప్పే. నీ చేతులు చూసి మురిసిపోయి మరిచినా."

ఉన్ని తెగినచోట పాత కొసనూ కొత్త కొసనూ పక్కపక్కన పెట్టి, కొన్ని కుట్లు రెండింటినీ కలిపి అల్లడం చూపించింది. అదీ పాదం పైన తప్ప కింద రానివ్వకూడదంది. చౌడేశ్వరి అక్కడే ఉండిపోయి కొత్తది అల్లింది. వేళ్ళ దగ్గర కలిపేటప్పుడు భయంతో దారం గట్టిగా లాగింది. అతుకు గట్టులా లేచింది. "ఇప్పు," అంది అన్నమ్మ. ఇప్పి మళ్ళీ కలిపింది. "మీ ఆయన కాలు మాట్లాడదు. దాని తరపున నీ చెంప మాట్లాడాల. రాసి చూడు." రాసి చూసింది. మెత్తగా, ఏమీ అడ్డుతగలకుండా జారింది. అప్పుడు అన్నమ్మ కూడా తన చెంపకు రాసుకుని చూసి, తొలిసారి నవ్వింది.

ఇంట్లో వెంకటలక్ష్మమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నా కొడుకు కాలు నీకు ఆటగా ఉండాదా?"

"ఆట కాదవ్వా. ముడి నాది, తప్పు నాది. ఈ పొద్దు నేనే కాపలా కూచుంటా."

జయరాముడు మేజోడు చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "మళ్ళీ పుండు పడితే?" అన్నాడు. "నాకూ భయమే మామా," అంది. ఆ మాట విన్నాక అతను కాలు చాచాడు.

మగ్గం ఆడుతున్నంతసేపూ చౌడేశ్వరి గుంత అంచునే కూచుంది. పొయ్యి మీద సంగటి మాడిన వాసన వచ్చినా లేవలేదు. చెక్క కిందికి దిగినప్పుడల్లా తన పాదమే నలిగినట్టు ముడుచుకుంది. పొద్దు వాలింది. జయరాముడు రెండు చేతులూ ఆనించి పైకెక్కి, కాలు ఆమె ఒళ్ళో పెట్టి, తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆమె మేజోడు విప్పింది. అరికాలు తడిమింది. తీసేసిన వేళ్ళ చోట మచ్చను దీపం దగ్గరికి పెట్టి చూసింది. ఉన్నిని తిరగేసి చూసింది.

"నాకేం తెలీదు చౌడీ, నువ్వే చెప్పాల. ఏముండాది?"

"ఏమీ లేదు మామా."

"మళ్ళీ చెప్పు."

ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పింది. "ఏమీ లేదు."