గేరు కుదుపు

నేను ఆర్టీసీ కండక్టర్ని. పద్నాలుగేళ్ళుగా కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొడుతున్నాను. మద్దిలపాలెం డిపోలో ఏ డ్రైవరు గేరు ఎలా వేస్తాడో నా మడమల్ని అడిగితే చెబుతాయి. వీరన్న సెకండ్ నుంచి థర్డ్‌కి వస్తే బస్సు తుమ్ముతుంది. శ్రీరామ్మూర్తి గారు గేరు మార్చారో లేదో కూడా తెలియదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బండి నడపడం గురించి నీకేం తెలుసని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి నేను పదకొండేళ్ళపాటు మా ఆయన డ్రైవింగు గురించి తప్పు చెప్పాను. చెప్పడం కూడా కాదు, మొహమ్మీదే తిట్టాను.

మా ఆయన పేరు అప్పలసూరి. పోర్టులో క్రేను నడిపేవాడు. మాట తక్కువ మనిషి. పెళ్ళిచూపుల్లో నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "అంతసేపు బస్సులో నిలబడ్డం కష్టం కాదా?"

"నాను దేన్నీ పట్టుకోకుండానే నిలబడతాను," అన్నాను. ఎంత పొగరో అప్పట్లో నాకు.

పెళ్ళయ్యాక ఆయన హండ్రెడ్ సీసీ బండి వెనక, చీర కదా, రెండు కాళ్ళూ ఎడమవైపు వేసుకుని కూర్చునేదాన్ని. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకునేదాన్ని. నలుగురూ చూస్తుండగా మొగుడి నడుం పట్టుకోవడం సిగ్గు, పట్టుకోకుండా కూర్చోగలనన్నది గర్వం. కానీ ఈయన గేరు వేశాడంటే చాలు, నా కుడి భుజం పోయి ఆయన వీపుకి కొట్టుకునేది. ఫస్ట్ నుంచి సెకండ్‌కి ఒకసారి, సెకండ్ నుంచి థర్డ్‌కి ఇంకోసారి. రుషికొండ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గిస్తే ఏకంగా ఆయన మీద వాలిపోయేదాన్ని. పదిటన్నుల బస్సులో పడని దాన్ని, ఈ బుల్లి బండి మీద పడటమేమిటని ఎక్కడలేని కోపం వచ్చేది.

"బావా, నీకు బండి నడపడం రాదు," అనేదాన్ని.

"మరి గట్టిగా పట్టుకో," అనేవాడు, వెనక్కి తిరక్కుండానే.

"బస్సులోనే పట్టుకోను, ఇక్కడెందుకు పట్టుకుంటాను? నువ్వు సరిగ్గా నడుపు."

"నాకొచ్చింది ఇంతే."

ప్రతి ఆదివారం ఇవే మాటలు. రుషికొండ దాకా, బుద్ధి పుడితే తగరపువలస దాకా. దారి పొడవునా నా కళ్ళ ముందు ఉండేది ఆయన ఎడమకాలు. ఆ బండి గేరు లివరుకి ముందొక పట్టీ, వెనకొక పట్టీ. ముందుది వేళ్ళతో నొక్కితే గేరు పెరుగుతుంది, వెనకది మడమతో నొక్కితే తగ్గుతుంది. నొక్కి నొక్కి ముందు పట్టీ రబ్బరు ఒక పక్కకి అరిగిపోయింది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే నాకు ఆయన మొహం కంటే ముందు ఆ కాలే కనబడుతుంది.

రెండేళ్ళ క్రితం అనకాపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో బెల్లం వండుతుంటే సాయానికి వెళ్ళాడు. చెరకు గానుగలో ఎడమచెయ్యి నలిగిపోయింది. బొటనవేలొక్కటే మిగిలింది. పోర్టువాళ్ళు క్రేను మీంచి దించి స్టోర్సులో కూర్చోబెట్టారు. క్లచ్ పట్టుకోవడానికి వేళ్ళు లేవు కాబట్టి ఆ పాత బండి మెట్ల కిందికి చేరింది. దాని మీద దుప్పటి కప్పి, ఇక అటు చూడటం మానేశాడు. స్కూటర్ కొనుక్కో బావా అంటే, "కాళ్ళు రెండూ పలక మీద పెట్టుకుని కూర్చోడం నా వల్ల కాదు" అన్నాడు.

ఆయన అసలే మాట తక్కువ మనిషి, ఆ తర్వాత ఆ తక్కువ కూడా పోయింది. అన్నం తినేటప్పుడు ఎడమచేతి మీద తువ్వాలు కప్పుకుంటాడు. పడుకుంటే గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఒకే ఇంట్లో ఉంటూ నేను మా ఆయన కోసం బెంగపెట్టుకున్నాను. ఎవరికి చెప్పుకోవాలి ఈ మాట? ఎదురుగా ఉన్న మొగుడి మీద బెంగేమిటే అని నవ్వుతారు.

కిందటి నెలలో ఒక పెద్ద బైకు తెచ్చాడు, సెకండ్ హ్యాండ్‌ది. దానికి క్లచ్ ఉండదు, గేర్లు తనంతట తానే మార్చుకుంటుంది. బొటనవేలు తగిలించి, అరచేత్తో అదిమి హ్యాండిల్ పట్టుకుంటే చాలు. నేను అడగకముందే ఎడమవైపు ఆడవాళ్ళు కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టు కూడా పెట్టించాడు. అది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఆదివారం హెల్మెట్లు పెట్టుకుని రుషికొండ వెళ్ళాం. ఎత్తు సీటు, మెత్తటి సీటు. బండి నూనె రాసినట్టు పోయింది. ఒక్కసారి కూడా నా భుజం ఆయన వీపుకి తగల్లేదు.

బీచి దగ్గర దిగాక ఆయన అడిగాడు. "బాగుందా?"

సంతోషపెడదామనుకున్నాను. నా నోరు పడిపోను. "ఇప్పుడు బాగా నడుపుతన్నావు బావా. ఒక్క కుదుపు నేదు."

ఆయన కొన్న వేరుశెనక్కాయలు మొత్తం నా ఒళ్ళో పెట్టేశాడు. తిరిగి వస్తున్నప్పుడు చూశాను, ఆయన ఎడమకాలి బొటనవేలు, అక్కడ లేని లివరు కోసం వెతుకుతోంది. ఇంజను చప్పుడు మారే ముందల్లా చెప్పు ముందుకి వంగి గాల్లో నొక్కుతోంది.

వారం తిరక్కుండా, "బండి అమ్మేత్తాను," అన్నాడు.

"ఏటి, ఇంత మంచి బండిని?"

"అది నన్ను మోత్తంది. నాను నడపట్నేదు."

తగరపువలస నుంచి ఎవరో ఆదివారం పొద్దున్న చూడటానికి వస్తారట. ఇంట్లో దొరకని మనిషి ఆ సీటు మీదైనా జానెడు దూరంలో దొరుకుతున్నాడు. అదీ పోతే ఆ వీపు నాకు మళ్ళీ దొరకదనిపించింది.

గురువారం డ్యూటీ దిగి, యూనిఫామ్‌తోనే నగరంలో పాత ఊరి వైపున్న మెకానిక్ నజీర్ అహ్మద్ షెడ్డుకి వెళ్ళాను. మా పాత బండి పుట్టినప్పటినుంచీ ఆయన చేతిలోనే ఉంది. మా ఆయనకి దోస్తు కూడా. ఆ పెద్ద బైకుకి కాలితో వేసే గేరు పెట్టగలరా అని అడిగాను.

"పెట్టొచ్చు చెల్లెమ్మా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఆ బండికి చేత్తో గేర్లు మార్చుకోడానికి ఎడమ హ్యాండిల్ మీద రెండు బటన్లుంటాయి. తగ్గించేది బొటనవేలికి, పెంచేది చూపుడువేలికి. సూరీకి తగ్గించుకోడమే మిగిలింది, పాపం. ఆ వైర్లు కిందికి దించి కాలి దగ్గర రెండు స్విచ్చులు పెడతా. వాటి మీద లివరు బిగిస్తా. పాతది ఉంది గదా, అదే పట్రా. కానీ ఒక మాట. అది ఉత్త స్విచ్చు. ఎంత మోటుగా తొక్కినా లోపల మిషనే మెత్తగా గేరు మార్చేస్తాది. కుదుపంటూ రాదు."

"రాకపోతే అదే పదివేలు. ఆయన గేరేత్తే నా ఎముకలు కదిలిపోయేవి."

నజీర్ భాయ్ తుడుచుకోవడం ఆపేశాడు. "ఎవరేస్తే? సూరీ ఏస్తేనా?"

"ఆయనే. పదకొండేళ్ళు పడ్డాను."

"ఏం మాటలాడతన్నావమ్మా నువ్వు? ఇంజను రిపేరు చేసిన బండ్లన్నీ నేను సూరీతోనే తిప్పించేవాణ్ణి. ఎందుకో తెలుసా, ఈ ఊళ్ళో అంత మెత్తగా గేరేసే మనిషి లేడు. ఒకసారి పందెం కట్టి, నిండు చాయ్ గ్లాసు పట్టుకుని వెనక కూర్చున్నా. ఇక్కణ్ణుంచి బీచ్ రోడ్డు దాకా. మీ బండే, మీ ఆయనే. నా చొక్కా మీద ఒక్క చుక్క పళ్ళేదు."

నోరు నా బతుకుతెరువు, అది మూతపడిపోయింది. ఆ బండే, ఆ మనిషే. ఆయన వెనక చాయ్ తొణకలేదు, నేను తొణికాను. కుదుపు వంక లేకుండా పట్టుకో అని నోటితో అడగలేని మనిషి పదకొండేళ్ళు కాలితో అడిగాడు. నేనేమో ప్రతిసారీ నీకు బండి నడపడం రాదన్నాను. ఆ తిట్లు పడ్డాడు, మళ్ళీ అడిగాడు. చివరికి ఆ కాలికి లివరు లేకుండా పోయాక, ఒక్క కుదుపు లేదు, ఇప్పుడు బాగా నడుపుతున్నావని మెచ్చుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ మొదటిసారి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు ఆయన డ్యూటీలో ఉండగా మెట్ల కింద దుప్పటి తీసి, పానాతో నేనే ఆ పాత లివరు విప్పి నజీర్ భాయ్‌కి ఇచ్చి వచ్చాను. అమ్మే ముందు సర్వీసు చేయించమని మా ఆయనకి చెబితే, సరేనని బైకు తీసుకెళ్ళి షెడ్డులో పెట్టాడు. శనివారం సాయంత్రం తీసుకురావడానికి నేనూ వెంట వెళ్ళాను.

ఆయన బైకు చుట్టూ తిరిగి, ఎడమవైపుకి వచ్చి ఆగిపోయాడు. ఒక పక్కకి అరిగిన ఆ రబ్బరు పట్టీ ఎవరిదో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వంగి దాన్ని తాకాడు. తాకింది ఎడమచేత్తో. ఆ చెయ్యి నలుగురి ముందుకి రావడం రెండేళ్ళలో అదే మొదటిసారి.

"ఎవరిప్పేరు దీన్ని?"

"నానే," అన్నాను.

ఆయన నా వైపు చూసి, ఎక్కి కూర్చున్నాడు. నజీర్ భాయ్ ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్‌లో పెట్టాడు. సందులో కొంచెం దూరం పోయి, ముందు పట్టీ నొక్కాడో లేదో ఇంజను గొల్లుమంది. గేరు పెరగాల్సింది పోయి తగ్గింది.

"భాయ్, ఇది ఉల్టా ఉంది," అని అక్కణ్ణుంచే కేకేశాడు. మా ఆయన కేకేసి ఎన్నాళ్ళైందో.

నజీర్ భాయ్ నుదురు కొట్టుకున్నాడు. పెద్ద బైకులకి ముందు నొక్కితే గేరు తగ్గుతుందట, ఆ అలవాటులో కలిపేశాడట. "మన సూరీ కాలు పాత బండి కాలు గదా, మర్సిపోయా," అంటూ రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఐదు నిమిషాలు పట్టలేదు.

ఎక్కాను. ఎటు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బీచ్ రోడ్డు పట్టాడు. నేను ఎప్పట్లాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎడమవైపు తిరిగి ఆయన కాలు చూస్తున్నాను. వేళ్ళు వంగాయి, పట్టీ దిగింది, ఇంజను చప్పుడు మారింది. కుదుపు లేదు. మళ్ళీ నొక్కాడు. లేదు. మూడోసారి చెప్పు తెగేలా తొక్కాడు. బండి అదే నూనె రాసిన నడక. నజీర్ భాయ్ చెప్పింది నాకు తెలుసు, ఆయనకి తెలియదు. ఇంకోసారి ఇంకా మోటుగా తొక్కి చూశాడు. తర్వాత ఆ కాలు లివరు మీద ఊరికే ఉండిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఏం వెతుకుతున్నాడో ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసు.

రుషికొండ ఎత్తు వచ్చింది. ఎక్కాలంటే గేరు తగ్గించాలి. మడమ లేచింది, వెనక పట్టీ మీద పడింది. చప్పుడు మారిన ఆ క్షణాన నేనే నా కుడి భుజం తీసుకెళ్ళి ఆయన వీపుకేసి కొట్టాను.

ఆయన వీపు బిగుసుకుంది. ఎత్తు ఎక్కాక గేరు పెంచాడు. మళ్ళీ కొట్టాను. ఇంకో గేరు పెంచాడు. మళ్ళీ.

"ఏటి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "కుదిపిందా?"

"నీకు బండి నడపడం రాదు బావా."

చాలా దూరం ఆయన కాలు లివరు మీంచి కదల్లేదు. నా మాటలో ఏముందో ఆయనకి అందిందో లేదోనని ఆ కాలే చూస్తూ కూర్చున్నాను.

"మరి గట్టిగా పట్టుకో," అన్నాడు.

పట్టుకున్నాను. టీ కొట్ల ముందు, ఆడుకునే పిల్లల ముందు, ఆగిన మా డిపో బస్సు ముందు, మా ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో కమ్మీని కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

"రేపొత్తామన్నోళ్ళకి రావొద్దని ఫోన్ సేసి సెప్పీ," అన్నాడు.

అక్కడ రోడ్డు చదునుగా, ఖాళీగా ఉంది. గేరు మార్చాల్సిన పనేమీ లేదు. ఆయన మడమ మెల్లగా లేచి వెనక పట్టీ మీద ఆగింది. నేను భుజం సిద్ధం చేసుకునే దాకా ఆగి, అప్పుడు నొక్కాడు.