ఎండిన కాలువలో నడక

బెజవాడ వచ్చిన చుట్టానికి ఏమేం చూపించాలో ఊళ్లో అందరికీ కంఠోపాఠమే: కొండ మీద అమ్మవారు, బ్యారేజీ, నది మధ్య లంక. ఆ మూడూ తిప్పి రైలెక్కిస్తే మర్యాద తీరిపోయినట్టే. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరై పటమటలో ఉంటున్న సుధామణికి ఆ వరస అంటే చిన్నచూపు. ఇష్టమున్నవాళ్లను వెంటబెట్టుకుని ఆదివారం పొద్దున్నే ఆమె ఎవరూ చూపించని ఊరిని చూపించేది. మొగల్రాజపురం గుహల్లో చెయ్యి అరిగిపోయిన అర్ధనారీశ్వరుణ్ణి, వన్‌టౌన్ సందుల్లో పూల బేరాన్ని, గుణదల కొండ మెట్ల మీద నుంచి కనిపించే సూర్యోదయాన్ని ఆమె వెంట నడిచి తొలిసారి చూసిన బెజవాడవాళ్లు చాలామందే ఉన్నారు. దేవుడున్నాడా లేడా అని ఎవరైనా అడిగితే, "మనం నడవడానికి వచ్చామండీ, తీర్పు చెప్పడానికి కాదు" అని నవ్వేసేది.

రెండువేల ఒకటి వేసవిలో ఆమె తలపెట్టిన నడక మాత్రం కొత్తది. ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. బ్యారేజీ దగ్గర నీళ్లు ఆగిపోగానే ఊరి నడుమ పారే ఏలూరు కాలువ అడుగు బయటపడుతుంది. ఇళ్ల ముఖాలన్నీ రోడ్డు వైపు, పెరళ్లన్నీ కాలువ వైపు. ఊరి పెరడు చూడాలంటే కాలువలోకి దిగాల్సిందే. "రండి, దిగుదాం" అంది సుధామణి.

వచ్చేవాళ్లకు ఆమె చెప్పింది అంతవరకే. చెప్పనిది ఇంకొకటుంది. ఆ నడక ఆమె పెట్టింది ఒకే ఒక్క మనిషి పరువు తీయడానికి.

సుస్మిత ఆమె అన్న కూతురు. తల్లి లేని పిల్లను సుధామణే పెంచి, చదివించి, హనుమాన్ జంక్షన్ అవతల ఒక పల్లెలో మంచి కుర్రాడికి ఇచ్చి చేసింది. ఆ పల్లెవాళ్లు కాలువ కట్టేసే ముందు వచ్చే చివరి నీళ్లతో మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. వేసవంతా ఆ నీళ్లే గతి. తొంభై తొమ్మిదిలో ఆ నీళ్లు ఇంటింటా జనాన్ని పచ్చకామెర్లతో పడుకోబెట్టాయి. చాలామంది లేచి తిరిగారు. ఏడో నెల గర్భంతో ఉన్న సుస్మిత లేవలేదు. మురుగు కలిసిన నీళ్లతో వచ్చే ఆ రకం కామెర్లు గర్భిణుల మీద పగబట్టినట్టు ప్రవర్తిస్తాయని పుస్తకాల్లో చదివిందే. ఇంట్లో చూడాల్సి వస్తుందని సుధామణి అనుకోలేదు. అత్తవారు పసరు పోయించారు, దిష్టి తీయించారు. ఆమె వాళ్లను ఒక్క మాట అనలేదు. వాళ్ల అజ్ఞానం పిల్లను కాపాడలేకపోయింది, అంతే. చంపింది అది కాదు.

మరుసటి వేసవిలో ఆమె ఒంటరిగా కాలువలో నడిచింది. చిన్న గొట్టాలు బోలెడు కనిపించాయి. అన్నిటికంటే పెద్దది, మనిషి తల పట్టేంతది, గుణదల దగ్గర గంగాప్రసాద్ గారి లాడ్జి వెనక తూటికాడల పొదలో దాక్కుని ఉంది. ఆమె నేరుగా వెళ్లి ఆయన్నే అడిగింది.

లాడ్జి ముందు తాటాకుల పందిరి, ఎర్రగుడ్డ చుట్టిన కుండలు, పైన గంగాప్రసాద్ గారి బొమ్మతో బ్యానరు. ఊళ్లో పెద్ద చలివేంద్రం అదే. ఎండన పడి వచ్చిన ప్రతివాడికీ చల్లటి నీళ్లూ మజ్జిగా ఉచితం. ఆ పందిరే ఆయన పేరు, ఆ పేరే ఆయన వ్యాపారం.

"రండి మేడమ్, ముందు మజ్జిగ పుచ్చుకోండి," అన్నాడాయన. విషయం విన్నాక కూడా నవ్వు చెదరలేదు. "గొట్టమా? భలేవారే. మాది సెప్టిక్ ట్యాంకండి బాబూ. ఎప్పటిదో పాత వాననీళ్ల గొట్టం అయ్యుంటుంది."

"వాసన వాననీళ్లది కాదండీ. మా పిల్ల పోయింది."

"అయ్యో పాపం. ఎవరి ఆయుష్షు ఎంతో మనం చెప్పగలమా? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు."

"ఆ సామెతలో మొదటి సగం ఒప్పుకుంటానండీ," అంది సుధామణి. "రెండో సగం సంగతి చూద్దాం."

ఆ ఒక్క గొట్టమే సుస్మితను చంపిందనడానికి ఆమె దగ్గర రుజువు లేదు. తరగతిలో ఏ పిల్లయినా అలాంటి తీర్మానం రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి ఉండేది. ఆ మాట తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ ఆయన నవ్వు కళ్లముందుకొచ్చేది. ఆ నవ్వును కొట్టేసే సిరా మాత్రం ఆమె దగ్గర లేకపోయింది.

కాబట్టి ఈ ఏడు గంగాప్రసాద్ గారిని నడకకు ముఖ్య అతిథిగా పిలిచింది. శాలువా కప్పుతామంది. ఆయన పొంగిపోయి, నడిచినవాళ్లందరికీ తన పందిట్లోనే టిఫిను పెడతానన్నాడు. నడకకు ముందురోజు సుధామణి చిన్ననాటి స్నేహితురాలు సీతారావమ్మ బందరు నుంచి వచ్చి, అదే లాడ్జిలో గది తీసుకుంది.

"అమ్మవారి దర్శనానికి వచ్చానని చెప్పానే కౌంటర్లో," అంది సీతారావమ్మ, సుధామణి ఇచ్చిన సీసాను చీర కొంగులో దాచుకుంటూ. "దేవుడి పేరు చెప్పి అబద్ధమాడించావు. నీకు లేకపోయినా నాకు పాపభయం ఉంది."

"దర్శనం కూడా చేసుకో. అప్పుడు అబద్ధం కాదు."

"ఇంతకీ ఇది విషం కాదు గదా?"

"కంటి డాక్టర్లు కంట్లోనే వేస్తారే ఈ రంగు. చిటికెడు చాలు, ఎండలో పచ్చగా మెరిసిపోతుంది. పొద్దున ఎనిమిదింటికి గది మరుగుదొడ్లో పోసి, బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తూ ఉండు. ట్యాంకు ఉంటే రంగు అందులోనే ఉండిపోతుంది. లేకపోతే..."

"బ్యాంకు మేనేజరు భార్యని. ఈ వయసులో లాడ్జి మరుగుదొడ్లో రంగులు కలపమంటావు!"

"హోలీ అనుకో."

ఆదివారం పొద్దున రామవరప్పాడు వైపు రేవు మెట్ల మీదుగా జనం కాలువలోకి దిగారు. దిగిన క్షణం నుంచీ అందరూ పిల్లలైపోయారు. రోజూ బస్సులోంచి పైనుంచే చూసే వంతెన కింద ఇటుక కమాను గుహలా చల్లగా ఉంది. పడవలు తిరిగిన కాలంలో తాళ్లు కట్టిన ఇనుప కడియాలు గట్టు రాళ్లలో తుప్పుపట్టి వేలాడుతున్నాయి. లకుముకి పిట్టలు మట్టిగట్టులో తొలుచుకున్న కన్నాలను సుధామణి చూపించింది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన బాలశౌరి ఒక కన్నంలో చెయ్యి పెట్టబోతే, "పాముంటుందండీ, పింఛను ఆగిపోతుంది" అన్నారెవరో. అందరూ నవ్వారు. గంగాప్రసాద్ అందరికంటే గట్టిగా నవ్వాడు. తెల్లబట్టలకు బురద అంటకుండా పంచె ఎత్తిపట్టి, "ఇన్నేళ్లుగా కాలువ ఒడ్డునే ఉండి ఇదంతా చూడలేదు సుమండీ. మేడమ్ మనకు కళ్లిచ్చారు" అన్నాడు.

లాడ్జి వెనక్కి వచ్చాక సుధామణి ఆగి, సంచీలోంచి శాలువా తీసింది. "ఇక్కడే కప్పుదాం. వెలుతురు బాగుంది," అంది. పొద వెనక గొట్టం నుంచి నల్లటి ధార కారుతోంది. ఆమె శాలువా కప్పింది. చప్పట్లు కొట్టారు. ఆయన రెండు మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. రెండు నాలుగయ్యాయి, నాలుగు పదయ్యాయి. ధార నల్లగానే ఉంది. సుధామణి పొద వైపే చూస్తోంది. బహుశా ట్యాంకు నిజంగానే ఉందేమో. అదే నిజమైతే శాస్త్రం తెలిసిన మనిషిగా సంతోషించాలి. ఆమెకు సంతోషం రాలేదు. ఆ మనిషి తప్పు చేసి ఉండాలని ఆమె ఒళ్లంతా కోరుకుంది.

"నీరే ప్రాణం, నీరే దైవం..." అంటున్నాడు గంగాప్రసాద్.

"అదేంటండీ అదీ!" అని అరిచాడు బాలశౌరి.

తూటికాడల మధ్య నుంచి పచ్చటి నీళ్లు దూకాయి. ఆకుపచ్చ కాదు, పసుపూ కాదు. కళ్లు మిరుమిట్లు గొలిపే లేత పచ్చ. బురద మీద పాకుతూ వచ్చి ముఖ్య అతిథి చెప్పుల చుట్టూ తిరిగాయి. సుధామణి గొంతు పెంచకుండా చెప్పింది: ఆ రంగు ఏమిటో, ఏ గదిలో ఎవరు పోశారో, ఇది పారేది ఏ ఊళ్ల చెరువుల్లోకో. చివర్న సుస్మిత పేరు చెప్పింది.

గంగాప్రసాద్ తడబడ్డాడు గాని పడిపోలేదు. "నాదొక్కటేనా? చూడండి ఎన్ని గొట్టాలున్నాయో! మేడమ్ గారి పటమట అపార్టుమెంటు మురుగు ఎటుపోతోందో అడగండి."

"ముందు అక్కడే పోసి చూశానండీ. కాలువలోకే పోయేది. మా ఫ్లాట్ల వాళ్లతో పోట్లాడి ట్యాంకు తవ్వించాను."

"మరి బాలశౌరి గారూ, మీ ఇంటి గొట్టం కూడా ఆ పక్కనే ఉంది కాదూ?"

"ఉందండీ," అన్నాడు బాలశౌరి మెల్లగా. "ఉందని నాకిప్పుడే తెలిసింది. మీకెప్పుడో తెలుసన్నమాట."

అందరూ గట్టెక్కి పందిట్లోకి వచ్చారు. ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి, గ్లాసుల్లో మజ్జిగ వరసగా పోసి ఉంది. బాలశౌరి ఒక గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు, లోపలికి చూశాడు, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. "ఎండ ముదురుతోందండీ. ఇంటికెళ్లి తాగుతాను." తర్వాత ఒకరి వెనక ఒకరు అందరూ కదిలారు. గంగాప్రసాద్ "అయ్యా, అమ్మా" అంటూ పందిరంతా తిరిగాడు. ఆయన నీళ్లు ఒక్కరూ ముట్టలేదు.

బెజవాడలో మాటకు కాలువ కట్టేయడం ఉండదు. వారం తిరక్కముందే ఆటోవాళ్లు ఆ పందిరికి 'పచ్చనీళ్ల పందిరి' అని పేరు పెట్టారు. దాహంతో ఆగినవాళ్లు పేరు గుర్తొచ్చి ముందుకు పోయారు. పెళ్లి విడిదికి గదులు మాట్లాడుకున్నవాళ్లు వేరే లాడ్జి చూసుకున్నారు. ఏ పనీ లేకపోయినా సుధామణి రోజూ బస్సెక్కి ఆ దారిన వెళ్లేది. కిటికీలోంచి నిండుగా, ఎవరూ ముంచని ఆ కుండలను చూసేది. తనలాంటి మనిషికి అది తగదని తెలుసు. అయినా టికెట్టు తీసుకునేది.

కాలువకు నీళ్లు వదలబోయే వారంలో గంగాప్రసాద్ ఆమె ఇంటికి వచ్చాడు. చెక్కిళ్లు లోపలికి పోయి ఉన్నాయి. "ట్యాంకు కట్టించానండీ. పాత గొట్టానికి కాంక్రీటు దిమ్మె వేయించాను. మీరే వచ్చి చూసుకోండి."

ఆమె వెళ్లింది. ఈసారి ఒక్కో అంతస్తులో తన చేత్తో తానే రంగు పోసింది. గొడుగు వేసుకుని కాలువ గట్టున కూచుని, ఎండ నడినెత్తికి వచ్చేదాకా కదల్లేదు. గొట్టం మూతి పొడిగా ఉంది. రెప్పవేయకుండా చూసింది. ఎక్కడా పచ్చదనం లేదు.

రోడ్డెక్కేసరికి పందిట్లో జనం. బాలశౌరినీ, చుట్టుపక్కలవాళ్లనూ గంగాప్రసాద్ ముందే పిలిపించాడు. స్టీలు గ్లాసు నిండా నీళ్లు ముంచి, రెండు చేతులతో ఆమె ముందుకు చాచాడు. "ఒక్క గుక్క మేడమ్. మీరు తాగితే ఊరు తాగుతుంది."

సుధామణి గ్లాసు అందుకోలేదు. జనం వైపు తిరిగి అంది: "గొట్టం మూసేశారు. నేనే పరీక్ష చేశాను. ఇప్పుడు ఈ లాడ్జి నుంచి కాలువలోకి చుక్క కూడా పోవడం లేదు. ఈ కుండల్లో నీళ్లు మంచివి. బాలశౌరి గారూ, నిశ్చింతగా తాగండి."

బాలశౌరి ముంచుకుని తాగాడు. వెనక మరో ఇద్దరు చేతులు చాచారు. గంగాప్రసాద్ ముఖం వికసించింది. "మరి మీరండీ?"

"నేను తాగను."

"అదేంటండీ! రుజువు కళ్లారా చూశారు గదా. సైన్సు మనిషి మీరు..."

"రుజువు చూశాను కాబట్టే నిజం చెప్పాను. రేపు ఎవరడిగినా ఇదే చెబుతాను. మీకు నేను ఇవ్వాల్సింది అంతవరకే."

"ఎండలో అంతసేపు కూచున్నారు. దాహంగా లేదా?"

"దాహంగానే ఉందండీ," అంది సుధామణి, గొడుగు విప్పుకుంటూ. "మీ చేతి నీళ్లు తాగను."

ఆమె బస్‌స్టాపు వైపు నడిచింది. చాచిన చేతులు దించడానికి గంగాప్రసాద్‌కు చాలాసేపు పట్టింది.